షాయిర్‌బెక్ తుడిచేసిన ప్రొఫైల్

షాయిర్‌బెక్ ఎవరని మా ఆసుపత్రిలో ఎవరినైనా అడగండి, "కంప్యూటర్లు పాడుచేసేవాడు" అంటారు. బాగుచేసేవాడని ఒక్కరి నోటా రాదు. పన్నెండేళ్ళు నేనూ ఆ మాటే అన్నాను, అందరికంటే గట్టిగా అన్నాను. ఇప్పుడు మళ్ళీ అంటే నా నోరు పడిపోవాలి. అందుకే అతని సంగతి నేనే చెబుతున్నాను.

నా పేరు తుర్సునాయ్. నరీన్ కొండల్లో కొక్‌బెల్ అనే చిన్న పట్నం మాది. ఆసుపత్రి తలుపు తోసుకుని లోపలికి రాగానే ఎదురుగా కనబడే చీటీల కిటికీ వెనక కూర్చునేది నేనే. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అదే కుర్చీ. డాక్టర్లు వస్తారు, పోతారు. నేను మాత్రం కదల్లేదు. కాబట్టి ఆసుపత్రి నాదే అన్నట్టు మాట్లాడతానని అందరూ అంటారు. అననీండి.

షాయిర్‌బెక్ నాకంటే పద్దెనిమిదేళ్ళు చిన్న. "ఎజె", అంటే అక్కా, అని తప్ప నన్ను పిలవడు, నేను కోప్పడితే ఎదురు చెప్పడు. మా వాళ్ళలో అక్క వయసున్న ఆడదానికి ఎవరూ ఎదురు చెప్పరు. గొర్రెల కాపరి కొడుకు. రాజధాని బిష్కెక్‌లో చదివి అక్కడే ఒక బ్యాంకులో కుదురుకున్నాడు. శీతాకాలం పొగకి భార్యకి ఊపిరాడక, సామాను కట్టుకుని మా పట్నం వచ్చేశాడు. వచ్చిన రోజు నుంచీ అతని తల ప్రాణం తోకకి తెచ్చాం.

మా దగ్గర డెబ్భై కంప్యూటర్లు. మెట్ల కింద చీకటి గదిలో వాటన్నిటికీ కలిపి ఒక సర్వర్. ఎవరు ఏ గదిలో కూర్చుని తమ పేరూ పాస్‌వర్డూ కొట్టినా, వాళ్ళ తెర, వాళ్ళ ఫైళ్ళు, వాళ్ళు పెట్టుకున్న గుర్రం బొమ్మతో సహా సర్వర్ నుంచి వచ్చి అక్కడ పరుచుకుంటాయి. ఆ మూటనే ప్రొఫైల్ అంటాడు. వినడానికి బాగానే ఉంది కదా. మరి ఆ మూటలో మా వాళ్ళు ఏం కుక్కారో చూడండి. పద్దుల గదిలోని ఆమె తన మనవడికి మొదటి అడుగుల వేడుక చేసి, ఆ వీడియో మొత్తం డెస్క్‌టాప్ మీద పెట్టుకుంది. ఎక్స్‌రే అతను ముగ్గురు చెల్లెళ్ళ పెళ్ళి విందులు పెట్టుకున్నాడు, ఒక్కొక్కటి ఆరు గంటలు. దాంతో పొద్దున్నే లాగిన్ కొడితే తెర రావడానికి పావుగంట పట్టేది. కిటికీ బయట వరస తలుపు దాటి మంచులోకి పోయేది. జనం నన్ను తిట్టేవాళ్ళు, నేను షాయిర్‌బెక్‌ని తిట్టేదాన్ని.

"ఆ పెళ్ళిళ్ళు తీసేయమనండి ఎజె, నిమిషంలో వస్తుంది" అనేవాడు.

"నేనెందుకు చెప్పాలి? నువ్వే తీసేయ్."

"తీశాను. ప్రధాన వైద్యుడి దగ్గరికెళ్ళి ఏడ్చాడు. తిరిగి పెట్టించారు."

ఇంక షార్ట్‌కట్‌ల గోల. చీటీల ప్రోగ్రాం, మందుల ప్రోగ్రాం, పరీక్షల ఫలితాలు, వీటన్నిటి బొమ్మలూ అందరి తెరల మీదా ఒకే వరసలో ఉండేట్టు సర్వర్ నుంచి పంపేవాడు. ఎవరు ఏ గదిలో కూర్చున్నా వెతుక్కోకూడదట. నాకా వరస నచ్చలేదు. నా తెర మీద నా మనవరాలి బొమ్మ ఉంటుంది. సరిగ్గా దాని ముక్కు మీద మందుల ప్రోగ్రాం కూర్చుంది. తీసి చెత్తబుట్టలో పారేశాను. మర్నాడు పొద్దున్న మళ్ళీ ముక్కు మీదే. మళ్ళీ పారేశాను. మళ్ళీ వచ్చింది. ఒళ్ళు మండిపోయింది.

"ఓయ్ షాయిర్‌బెక్, దెయ్యాలని పెంచుతున్నావా ఆ గదిలో?"

"ఎజె, అవి వస్తువులు కావు, దారి చూపించే గుర్తులంతే. మూలన చిన్న బాణం ఉంది చూడండి. బాణం ఉంటే అసలు వస్తువు వేరే చోట ఉందని అర్థం. ఇది పారేసినా అది పోదు. అది పోతే ఇది ఉన్నా లాభం లేదు."

ఈ ముక్క నాకు కనీసం పదిసార్లు చెప్పాడు. నేను పదిసార్లూ "సరే సరే, టీ చల్లారిపోతోంది" అన్నాను. బాణమట! నా కళ్ళద్దాలకి ఆ బాణం కనబడిందెప్పుడు?

ఇంకొకటి కూడా చెప్పుకోవాలి. నా కిటికీ దగ్గర నలుగురం పనిచేస్తాం. నలుగురికీ నాలుగు ప్రొఫైళ్ళు చేసిచ్చాడు. మిగతా ముగ్గురూ ఏనాడూ వాడలేదు. నేను తెరిచినదాన్ని మూసి వాళ్ళ పేరుతో తెరవడం అంటే నన్ను కుర్చీలోంచి లేపినట్టు అని వాళ్ళకి మొహమాటం. అందుకని నలుగురూ తుర్సునాయే. ఎవరు ఏ తప్పు చేసినా సర్వర్‌లో నా పేరే ఎక్కేది. షాయిర్‌బెక్ బతిమాలాడు, కాగితం మీద రాసి గోడకి అంటించాడు. ఆ కాగితం మీద మేం టీ కప్పుల మరకలు పెట్టాం.

ఇంతమందిలో ఒకే ఒక్క మనిషి అతన్ని మనిషిలా చూశాడు. పిల్లల డాక్టరు ముకాష్ అగాయ్. అరవై ఏడేళ్ళ పెద్దాయన, గురువుగారన్నట్టు గౌరవంగా అందరం అగాయ్ అనేవాళ్ళం. తన ప్రొఫైల్ అద్దంలా ఉంచుకునేవాడు. ఒక పెళ్ళి లేదు, ఒక పాట లేదు. ఆయన డెస్క్‌టాప్ మీద ఉన్నది ముఖ్యంగా ఒకే ఫైలు. పుట్టుకతోనే గుండెలో లోపమున్న పిల్లల జాబితా. పేర్లు, వయసు, ఏ లోయలో ఉంటారు, వేసవిలో మందలతో ఏ పచ్చికకి వెళ్తారు, ఎవరి ఫోను పనిచేస్తుంది, ఎవరికి పక్కింటి ఫోనే దిక్కు, అన్నీ. తొమ్మిదేళ్ళుగా లోయలన్నీ తిరిగి, పిల్లల వీపుల మీద చెవి పెట్టి విని రాసుకున్నది. ఆ పిల్లల్ని చూడడానికి బిష్కెక్ నుంచి గుండె డాక్టర్లని రప్పించాలని మూడేళ్ళు ఉత్తరాలు రాశాడు. చివరికి ఒప్పుకున్నారు. అక్టోబరులో రెండు రోజులు వస్తామన్నారు. "మా దగ్గర అరవై ఒక్క మంది ఉన్నారు" అని ఆయన వాళ్ళకి రాశాడు.

ఆ పిల్లల తల్లిదండ్రులకి ఫోన్లు చేసే పని నాకే ఇచ్చాడు. తన జాబితా నా తెర మీద కూడా కనబడేట్టు షాయిర్‌బెక్ చేత పెట్టించాడు. మనవరాలి చెవి పక్కన పెట్టించుకున్నాను. నొక్కితే తెరుచుకునేది. చూశాను, మూశాను. తేదీ ఖాయమయ్యాక ఫోన్లు మొదలుపెడదామన్నాడు. అప్పటిదాకా అందరూ పచ్చికల మీదే ఉంటారు.

తేదీ రాలేదు. జులై చివర్లో ముకాష్ అగాయ్ పోయాడు. పొద్దున్న తోటలో యాపిల్ చెట్లకి నీళ్ళు పెడుతూ పడిపోయాడు.

నలభయ్యో రోజు విందుకి ఆసుపత్రి మొత్తం వెళ్ళాం. గుర్రం కోశారు. నూనెలో వేయించిన పిండి ముక్కలు, బోర్సోకులు, గుడ్డ మీద గుట్టగా పోశారు. ఆయన కోట్లు, బూట్లు, టోపీలు చుట్టాలకి పంచేశారు. తెల్ల కోటు మాత్రం కొత్తగా వచ్చిన నర్సుకి ఇచ్చారు, ఆ పిల్ల దాన్ని కళ్ళకద్దుకుని ఏడ్చింది. నలభై నిండితే పోయినవాడి ప్రాణం ఇల్లు వదిలి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత అతని వస్తువులు పట్టుకుని కూర్చుంటే అతనికే భారం. ఇది మాకెవరికీ ఎవరూ నేర్పక్కర్లేదు.

మర్నాడు టీ దగ్గర షాయిర్‌బెక్ గొణిగాడు. "ముప్ఫై రోజులు ఎవరూ తెరవని ప్రొఫైల్ తీసేయాలని నా నియమం ఎజె. చోటు లేదు. అగాయ్‌ది ఆపి ఉంచాను. ఇంకో రెండు నెలలు ఉంచుదామనుకుంటున్నా."

"ఎందుకుంచడం?" అన్నాను. "నిన్న నలభై అయింది. బూట్లతో సహా పంచేశారు. ఆయన పేరొక్కటి నీ మెట్ల కింద చీకట్లో వేలాడుతూ ఉండాలా? పంపించెయ్ నాయనా మనిషిని."

"ఆ పిల్లల జాబితా ఉంది కదా."

"అది నా దగ్గరుంది. నా తెర మీదే ఉంది. రోజూ చూస్తూనే ఉన్నా."

టీ కప్పు కింద పెట్టాడు. "దాని మూల బాణం ఉందా ఎజె? ఒక్కసారి వచ్చి చూస్తాను."

ఆ రోజు నాకేం పుట్టిందో! "నా మాట మీద నమ్మకం లేదా? ఉందంటే ఉంది. నిన్నగాక మొన్న పుట్టినవాడివి, నా కిటికీ దగ్గరికి వచ్చి నన్ను తనిఖీ చేస్తావా?" అన్నాను. గదిలో పదిమంది ఉన్నారు. అందరూ అతని వైపే చూశారు. వయసులో పెద్దావిడ ఒక మాట చెప్పాక వెళ్ళి తనిఖీ చేసుకోవడమంటే మొహం మీద ఉమ్మేసినట్టు మా దగ్గర. షాయిర్‌బెక్ చెవులు ఎర్రబడ్డాయి. "క్షమించండి ఎజె" అని లేచి వెళ్ళాడు. ఆ మధ్యాహ్నమే తుడిచేశాడు.

అక్టోబరు రెండో తారీఖున బిష్కెక్ నుంచి ఉత్తరం వచ్చింది. పన్నెండున వస్తున్నామని. ఫోను దగ్గరకి లాక్కుని, కళ్ళద్దాలు తుడుచుకుని, మనవరాలి చెవి పక్కన నొక్కాను.

తెరుచుకోలేదు. ఈ షార్ట్‌కట్ చూపించే ఫైలు లేదనో, ఉన్నచోట నుంచి తీసేశారనో ఒక గీత వచ్చింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ అదే గీత. ముక్కు తెరకి ఆనించి చూశాను. మూలన బాణం ఉంది. వడ్లగింజంత బాణం.

షాయిర్‌బెక్‌ని పిలిపించాను. వచ్చి చూశాడు, మెట్ల కింద గదికి పరుగెత్తాడు. నేనూ వెనకాలే పోయాను. బ్యాకప్ పెట్టె రెండు వారాలే దాచుకుంటుంది, పాతదాని మీదే కొత్తది రాసుకుంటుంది. మేం తుడిపించి ఇరవై ఆరు రోజులైంది. పెద్ద పెట్టె కావాలని రెండేళ్ళలో నాలుగు అర్జీలు పెట్టాడట. సమావేశాల హాలుకి కొత్త తివాచీ వచ్చింది కానీ పెట్టె రాలేదు.

"తిరిగి తే" అన్నాను. "నువ్వు చదువుకున్నావు కదా, ఏదో ఒకటి చేసి తే!"

"దాని మీద పెళ్ళిళ్ళు ఎక్కేశాయి ఎజె" అన్నాడు.

ఆ రోజే ప్రధాన వైద్యుడు ఎర్కిన్‌బెక్ అందర్నీ హాల్లో కూర్చోబెట్టాడు. "ఎవడు తుడిచాడు?" అని అరిచాడు.

షాయిర్‌బెక్ లేచాడు. "నేనే."

"ఎవర్ని అడిగి తుడిచావ్?"

లేవాలి. లేచి, నేనే తుడవమన్నాను, నా దగ్గరుందని నేనే చెప్పాను అనాలి. ముప్ఫై ఒక్క ఏళ్ళ కుర్చీ నన్ను పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఎవర్నీ అడగలేదు. అడిగి చూసుకోవాల్సింది" అన్నాడు షాయిర్‌బెక్. మందలింపు కాగితం రాసి గోడకి అంటించారు. అతని పేరు లావు అక్షరాలతో. వచ్చేపోయేవాళ్ళు చదివి, నాలుకలు చప్పరించి, "ముందునుంచీ అంటూనే ఉన్నాం" అన్నారు.

వరండాలో పట్టుకున్నాను. "నా పేరు ఎందుకు చెప్పలేదు? ఎవడు అడిగాడు నిన్ను నా తప్పు మొయ్యమని?"

"చెబితే జాబితా తిరిగొస్తుందా ఎజె?" మొదటిసారి నా మీద గొంతు పెంచాడు. "పది రోజులుంది. కూర్చుని పోట్లాడుకుందామా, వెతుకుదామా?"

వెతికాం. ముకాష్ అగాయ్ గదిలో కాగితాల కట్టలు విప్పాం, పంతొమ్మిది పేర్లు దొరికాయి. లోయ లోయకీ ఉన్న ఆరోగ్య కార్యకర్తలకి ఫోన్లు చేశాను. "ఊపిరాడక ఆడుకోలేని పిల్ల ఎవరైనా ఉన్నారా? అగాయ్ వచ్చి వీపు మీద విన్న పిల్లాడెవరు?" అని అడిగి అడిగి గొంతు బొంగురుపోయింది. ఫోన్లు కలవని చోట్లకి షాయిర్‌బెక్ తన పాత జిగులీ కారులో పోయాడు. ఒకచోట వాగులో ఇరుక్కుంది, నడుం దాకా తడిసి తోశాడట. ఎక్కడికెళ్ళినా అదే ప్రశ్న, అదే దుమ్ము. వచ్చి పేర్లు నాకిచ్చేవాడు. నేను కంప్యూటర్లో ఎక్కించుకుంటూ పోయేదాన్ని.

పదకొండో తారీఖు సాయంత్రానికి అరవై మంది అయ్యారు.

అగాయ్ రాసింది అరవై ఒకటి. మళ్ళీ లెక్కపెట్టాం. అరవయ్యే. అందరూ మెచ్చుకున్నారు, పది రోజుల్లో అరవై అంటే మాటలా అన్నారు. ఎర్కిన్‌బెక్ కూడా "ఆయనే తప్పు లెక్కపెట్టుంటాడులే" అన్నాడు. నాకు అరిచి గోల పెట్టాలనిపించింది. ముకాష్ అగాయ్ తప్పు లెక్కపెట్టే మనిషా? ఎక్కడో ఒక పిల్లో పిల్లాడో ఉన్నారు. వాళ్ళకి మేం ఉన్నామని తెలుసు. మాకే వాళ్ళు తెలియదు.

డాక్టర్లు వచ్చారు, అరవై మందినీ చూశారు, తొమ్మిది మందిని ఆపరేషనుకి తమతో తీసుకుపోయారు. వెళ్ళిపోయారు. గోడ మీద కాగితం అలాగే ఉంది.

నవంబరు నెలాఖరున, బయట మంచు మోకాళ్ళ దాకా పడిన రోజు, నా కిటికీ ముందు ఒక ఆడమనిషి నిలబడింది. మొహం గాలికి పగిలి నల్లబడింది. చేతి కింద శాలువా చుట్టిన ఏడేళ్ళ పిల్ల. పిల్ల పెదాలు నీలంగా ఉన్నాయి. గుమ్మం నాలుగు మెట్లు ఎక్కినందుకే గోడ పట్టుకుని ఒగురుస్తోంది.

"ముకాష్ అగాయ్‌ని చూడాలి ఎజె" అంది తల్లి. "ఎండాకాలం మా గుడారానికొచ్చి దీని వీపు విన్నారు. శరత్తులో ఫోన్ చేయిస్తా, తప్పకుండా రా అన్నారు. ఫోను రాలేదు."

"మీ ఊళ్ళో ఎవర్నడిగినా చెప్పలేదే మీ గురించి" అన్నాను.

"మేం ఊళ్ళోకి దిగలేదు ఎజె. శీతాకాలం ఇంటి దగ్గర ఫోను అందదు. పచ్చిక మీద ఒక దిబ్బ ఉంది, దాని మీద నిలబడితే అందుతుంది. సెప్టెంబరులో అందరూ మందలు తోలుకుని దిగిపోయారు. మా ఆయన కూడా గొర్రెలతో శీతాకాలం ఇంటికి దిగిపోయాడు. నేనూ ఇదీ ఉండిపోయాం. ఫోను వస్తుందేమో అని. దారి మంచుతో మూసుకుపోతుందని భయమేసి ఇప్పుడు దిగాం." కొంచెం సిగ్గుపడ్డట్టు నవ్వింది. "అగాయ్ మర్చిపోయుంటారు. పెద్దాయన కదా. కోపమేం లేదని చెప్పండి."

వెనక వరసలో ఇరవై మంది ఉన్నారు. పక్కన నాతో పనిచేసే ముగ్గురూ ఉన్నారు. నేను కుర్చీలోంచి లేచాను.

"అగాయ్ పోయారమ్మా. జులైలోనే. ఆయనేం మర్చిపోలేదు. నీ బిడ్డ పేరు రాసిపెట్టే పోయారు. దాన్ని తుడిపించింది నేను. అవసరం లేదు, నా దగ్గరుంది అని చెప్పి తుడిపించాను. నా దగ్గర లేదు. ఆ గోడ మీద కాగితంలో ఉన్నది వేరే వాడి పేరు. తప్పు వాడిది కాదు, నాది."

ఆమె అగాయ్ కోసం మొహం మీద చేతులు ఆనించుకుని ప్రార్థించింది. తర్వాత నన్ను చూసింది. తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బావుణ్ణని ఎదురుచూశాను.

"రాసుకోండి ఎజె" అంది. "మీరిమ్. ఇంటిపేరు అసన్‌కులొవా."

రాశాను. పిల్లని ఎత్తుకుని ఎర్కిన్‌బెక్ గదికి పోయాను, అదే మాట అక్కడా చెప్పాను. ఆయన మొహం మాడ్చుకున్నాడు కానీ బిష్కెక్‌కి ఫోన్ చేశాడు. మార్చిలో తీసుకురమ్మన్నారు, అంతకు ముందు చోటు లేదు. అప్పటిదాకా పిల్ల మెట్లు ఎక్కకూడదు, ఎత్తు ప్రదేశంలో ఉండకూడదు. వాళ్ళ శీతాకాలం ఇల్లు కనుమ కింద, మా పట్నం కంటే చాలా ఎత్తున ఉంది.

ఆ కాగితాన్ని గోడ నుంచి నేనే చింపాను. షాయిర్‌బెక్ మెట్ల కింద గదిలోంచి తల బయటపెట్టి చూశాడు. "ఇన్నాళ్ళకి" అన్నాడు. అతని మొహంలో సంతోషం లేదు. లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. క్షమించమని అడగడానికి ఆ తలుపు ముందు చాలాసేపు నిలబడ్డాను. లోపల సర్వర్ రొద తప్ప ఏమీ వినబడలేదు.

తల్లి బల్ల మీద కూర్చుని పిల్లకి రొట్టె తుంచి పెడుతోంది. దగ్గరికెళ్ళి చెప్పాను. "మా ఇల్లు కింది అంతస్తే. మెట్లు లేవు. మార్చి దాకా మీరిమ్‌ని నా దగ్గర వదిలెయ్. నువ్వు మంద దగ్గరికి వెళ్ళి వస్తూ ఉండు. తేదీ రాగానే ఫోన్ చేస్తా."

ఆమె రొట్టె తుంచడం ఆపింది. పిల్ల వైపు చూసింది, నా వైపు చూసింది. అడగనా వద్దా అని పెదాలు కదిపింది.

"నిజంగా చేస్తారు కదా ఎజె?" అంది.